థైరాయిడ్ గడ్డ: పెరిగింది జబ్బా, లెక్కా?

థైరాయిడ్ అనే మాట ఇప్పుడు మన ఇళ్ళలో ఉప్పూ పప్పూ అన్నంత మామూలైపోయింది. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునే ఆడవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ మాత్ర చాలామంది వేసుకునేది గ్రంథి మందగించినందుకు. ఆ మందగింపు క్యాన్సర్ కాదు. అయితే ఈ మధ్య ఆ మాట వెంటే మరో మాట వినబడుతోంది: థైరాయిడ్ క్యాన్సర్ పెరిగిపోతోందట! ఎందుకు పెరిగిందంటే ఒకరు ఉప్పంటారు, ఒకరు సెల్‌ఫోన్ టవరంటారు, మరొకరు అణువిద్యుత్తంటారు. హోసూరు ప్రాంతంలో తెలుగు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి గనుక, బంధువులూ పాత విద్యార్థులూ ఈ ప్రశ్న నన్ను అడుగుతూనే ఉంటారు. చదివినకొద్దీ నాకు అర్థమైన సంగతి ఒకటే. ఇది జబ్బు చరిత్ర ఎంతో, లెక్క చరిత్ర కూడా అంతే. ఆ రెండింటినీ విడదీసి చూడకపోతే భయపడాల్సిన చోట ధీమాగా ఉంటాం, అక్కరలేని చోట భయపడతాం.

ముందు లెక్క సంగతి. ఒక ప్రాంతంలో ఏడాదిలో లక్ష జనాభాకు కొత్తగా ఎందరికి జబ్బు బయటపడింది అన్నది ఒక అంకె. ఆ జబ్బుతో ఎందరు చనిపోయారన్నది మరో అంకె. ప్రపంచం మొత్తం మీద 2022లో థైరాయిడ్ క్యాన్సర్ కొత్తగా బయటపడినవారు సుమారు 8 లక్షల 21 వేల మంది. ఆ ఏడు దానితో చనిపోయినవారు సుమారు 47 వేలు. ఊపిరితిత్తుల క్యాన్సర్లో ఈ రెండంకెలూ ఇంత దూరంగా ఉండవు. ఇక్కడ ఇంత ఎడం ఎందుకుంది? పైగా ఆ 8 లక్షల మంది ప్రపంచమంతటా సమానంగా లేరు. ఒక దేశంలో కుప్పలుగా, పక్క దేశంలో పలచగా, ఒకే రాష్ట్రంలో కూడా జిల్లాకో తీరుగా ఉన్నారు. ఈ తేడాలకు మూడు కారణాలు మూడు వేర్వేరు కాలాల్లో తోడయ్యాయి. మొదటిది ఉప్పు, రెండోది అణుధూళి, మూడోది యంత్రం.

ఉప్పుతో మొదలుపెడదాం. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథిని మన పాఠ్యపుస్తకాల్లో అవటు గ్రంథి అన్నారు. దాని పనికి అయోడిన్ కావాలి. తిండిలో అయోడిన్ చాలకపోతే ఉన్న కాస్తనూ పట్టుకోవడానికి గ్రంథి పెరుగుతుంది. అదే గాయిటర్, మన పాత వైద్యులు గళగండం అన్నది. 1811లో ఫ్రాన్సులో కూర్త్వా అనే రసాయన వ్యాపారి సముద్రపు నాచు బూడిదలో అయోడిన్‌ను కనిపెట్టాడు. 1820లో జెనీవా వైద్యుడు కొయిండే దాన్ని గాయిటర్‌కు మందుగా వాడాడు. ఆల్ప్స్ కొండల్లో ఈ గడ్డలు ఎంత ఎక్కువంటే, బెర్న్ నగరంలో కోహర్ అనే సర్జను వేలాది మెడలకు ఆపరేషన్ చేసి, ఆ విద్యకు 1909లో నోబెల్ బహుమతి పొందాడు. చివరికి స్విట్జర్లాండ్ 1922లో ఉప్పులోనే అయోడిన్ కలపడం మొదలుపెట్టింది.

మన దేశంలో హిమాలయాల అడుగున గాయిటర్ పట్టీ ఒకటి పొడవునా సాగి ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిల్గిట్ లోయలో పనిచేసిన మెక్కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఒకే కాలువ మీద ఉన్న ఊళ్ళలో పై ఊరి కంటే కింది ఊరికి గడ్డలు ఎక్కువని గమనించాడు. నీటిలోని మలినమే కారణమనుకుని, ఆ నీటి మడ్డిని తానే తాగి చూశాడు. ఆయన తర్వాత నీలగిరుల్లోని కూనూరులో ఆహార పరిశోధన సాగించాడు. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి, ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

నీళ్ళ అనుమానాన్ని పక్కన పెట్టి ఉప్పు మాట తేల్చినవాడు మన తెలుగువాడు కావడం చెప్పుకోదగ్గ విషయం. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. 1956లో ఆయనా, ఆయన సహచరులూ కాంగ్రా లోయలో ఒక పరిశీలన మొదలుపెట్టారు. అప్పుడది పంజాబు, ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్. లక్షకు పైగా జనం ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్ళలో ఆ రెండు భాగాల్లో పిల్లల మెడవాపులు బాగా తగ్గాయి, మూడో భాగంలో అలాగే ఉన్నాయి. తర్వాత ఆ మూడో భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. ఆ ఫలితం మీదనే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. అయోడిన్ లేని ఉప్పు అమ్మకం మీద పెట్టిన నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తివేసి, 2006లో మళ్ళీ తెచ్చింది.

మరి ఉప్పుకూ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం? థైరాయిడ్ క్యాన్సర్ ఒకే రకం కాదు. ఎక్కువగా కనబడేది పాపిల్లరీ, ఇది నెమ్మదైనది. ఫాలిక్యులర్ దానికన్నా కొంత మొండిది. అనాప్లాస్టిక్ అరుదు, కానీ నెలల్లో ప్రాణం తీస్తుంది. అయోడిన్ కొరత ఉన్న ప్రాంతాల్లో రెండో, మూడో రకాల వాటా ఎక్కువ. అర్జెంటీనాలో సాల్టా అనే కొండ ప్రాంతంలో ఉప్పుకు అయోడిన్ చేర్చడానికి ముందూ తర్వాతా ఉన్న కేసులను హారాక్, విలియమ్స్ అనే పరిశోధకులు పోల్చి 1995లో ప్రచురించారు. అయోడిన్ వచ్చాక పాపిల్లరీ వాటా పెరిగింది. అంటే ఉప్పు ఒక చోటి క్యాన్సర్ల కూర్పును మారుస్తుంది. అయోడిన్ ఉప్పే క్యాన్సర్ తెచ్చిందని ఇంట్లో దాన్ని మానేస్తున్నవాళ్ళు నాకు తెలుసు. అది తప్పు దారి. ఉప్పు తెచ్చిన మార్పు మొండి రకాల నుంచి మెత్తని రకం వైపు. పైగా అయోడిన్ లేకపోతే నష్టం గడ్డతో పోదు, కడుపులోని బిడ్డ మెదడుకే వస్తుంది.

ఇక రెండోది అణుధూళి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో పసిపిల్లలకు ఛాతీలోని థైమస్ గ్రంథి పెద్దదిగా ఉందని ఎక్స్‌రే కిరణాలు ఇచ్చేవారు. ఆ పిల్లల్లో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందని 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అనే వైద్యులు బయటపెట్టారు. 1945 నాటి హిరోషిమా, నాగసాకి బాధితులను దశాబ్దాల పాటు గమనిస్తే, బాంబు పడిననాటికి పసివాళ్ళుగా ఉన్నవారికే ఈ ముప్పు ఎక్కువని తేలింది. 1954 మార్చి 1న అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద మార్షల్ దీవుల్లోని రొంగెలాప్ మీద పడింది. ఆ దీవి పిల్లల మెడల్లో కొన్నేళ్ళకు గడ్డలు పుట్టాయి.

అన్నిటికన్నా పెద్ద పాఠం చెర్నోబిల్. 1986 ఏప్రిల్ 26న ఆ రియాక్టర్ పేలినప్పుడు గాలిలో కలిసిన వాటిలో అయోడిన్-131 ఒకటి. దాని అర్ధాయువు 8 రోజులే. కానీ ఆ కొద్ది రోజుల్లోనే అది గడ్డి మీద పడి, ఆవు కడుపులోకి పోయి, పాలలోకి వచ్చి, పిల్లల మెడకు చేరింది. బెలారూస్ లోపలి ప్రాంతాల తిండిలో అసలే అయోడిన్ తక్కువ. ఆకలిగా ఉన్న గ్రంథి మంచిదీ చెడ్డదీ చూడకుండా పట్టేసుకుంది. పక్కనున్న పోలెండ్ మాత్రం కోటికి పైగా పిల్లలకు మంచి అయోడిన్ మందు ముందే తాగించింది.

1992లో బెలారూస్ వైద్యులు కజకోవ్, దెమిద్చిక్, అస్తఖోవా తమ దేశపు పిల్లల్లో 131 కేసులు వచ్చాయని నేచర్ పత్రికలో రాశారు. అంతకుముందు ఆ దేశంలో పిల్లల్లో ఈ జబ్బు ఏటా ఒకటీ రెండూ కనబడితే గొప్ప. అయినా బయటి శాస్త్రజ్ఞులు కొందరు సందేహించారు. ఇంత త్వరగా రాదు, మీరు ఎక్కువగా వెతుకుతున్నారు గనుక ఎక్కువ కనబడుతున్నాయి అన్నారు. ఈ వాదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు మళ్ళీ వస్తుంది. ఇక్కడ ఆ వాదం నిలవలేదు. ఆ గడ్డలు వెతికితే గాని కనబడని చిన్నవి కావు. చాలావరకు మెడలో పాకి ఉన్నాయి. ధూళి ఎక్కువ పడ్డ జిల్లాల్లోనే ఎక్కువ వచ్చాయి. అన్నిటికీ మించి, ఆ అయోడిన్ నశించిపోయాక పుట్టిన పిల్లల్లో జబ్బు మళ్ళీ పాత స్థాయికి పడిపోయింది. బెలారూస్, యుక్రెయిన్, రష్యాలోని ఎక్కువ దెబ్బతిన్న నాలుగు ప్రాంతాల్లో, ప్రమాదం నాటికి 18 ఏళ్ళలోపు ఉన్నవారిలో 1991 నుంచి 2015 వరకు 19 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. వాటిలో సుమారు నాలుగో వంతు రేడియేషన్ వల్ల వచ్చినవని ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం 2018లో అంచనా కట్టింది. మిగతా ముప్పాతిక మాటేమిటి? వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, వయసుతో మామూలుగా వచ్చేవి వచ్చాయి. వెతుకులాట వల్ల బయటపడ్డవీ ఉన్నాయి. నిజమైన పెరుగుదల పక్కనే లెక్క పెరుగుదల కూడా నడిచింది.

ఆ వెతుకులాటకు పనిముట్టే మూడో కారణం, అల్ట్రాసౌండ్ యంత్రం. అది చూపించేదేమిటో తెలియాలంటే 1985లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక నివేదిక చూడాలి. ఇంతకుముందు చెప్పిన హారాక్, అతని సహచరులు వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్లను పలచని ముక్కలుగా కోసి పరీక్షించారు. వారిలో 36 మందికి పాపిల్లరీ క్యాన్సర్ ఉంది. చాలావరకు మిల్లీమీటర్లలో కొలిచేవి. బతికినన్నాళ్ళూ వాటి సంగతి వాళ్ళకు తెలియదు, బాధా లేదు. అంటే మనలో ఎందరి మెడలోనో ఇలాంటి చిన్న గడ్డ ఉండొచ్చు; చూస్తే ఉంటుంది, చూడకపోతే ఉన్నట్టే తెలియదు.

దక్షిణ కొరియాలో 1999లో ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల పథకం పెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ వచ్చినవాళ్ళకు ఆస్పత్రులు కొద్దిపాటి అదనపు రుసుముతో మెడ స్కాన్ కూడా చేసిపెట్టాయి. 1993తో పోలిస్తే 2011 నాటికి ఈ క్యాన్సర్ రేటు 15 రెట్లయింది. 2011 ఒక్క ఏడాదిలో 40 వేల మందికి పైగా బయటపడ్డారు. చావులు మాత్రం మునుపటిలాగే ఏటా 300, 400 మధ్యనే ఉన్నాయి. నిజంగా జబ్బే 15 రెట్లు పెరిగితే చావులు కదలకుండా ఎలా ఉంటాయి? బయటపడ్డవారిలో దాదాపు అందరికీ గ్రంథిని కొంతో మొత్తమో కోసి తీశారు. ఆపరేషన్ అయిన 15 వేల మంది బీమా రికార్డులు చూస్తే నూటికి 11 మందికి ఒంట్లో కాల్షియం నిలిపే చిన్న గ్రంథులు దెబ్బతిన్నాయి, నూటికి ఇద్దరికి స్వరతంత్రి పడిపోయింది. 2014లో అక్కడి వైద్యులే కొందరు ముందుకొచ్చి, ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ స్కాన్ చేయొద్దన్నారు. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్లు మూడో వంతుకు పైగా తగ్గాయి. ఏ జబ్బూ ఒక ప్రకటనతో తగ్గదు. తగ్గింది చూడటం.

అమెరికాలో 1975లో లక్షకు 4.9 ఉన్న రేటు 2009కి 14.3 అయింది, చావుల రేటు మాత్రం లక్షకు 0.5 దగ్గరే నిలిచింది. 1988 నుంచి 2007 వరకు 12 దేశాల్లో 4 లక్షల 70 వేల మంది స్త్రీలకూ, 90 వేల మంది పురుషులకూ ఇలా అక్కరలేని రోగనిర్ధారణ జరిగి ఉంటుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో లెక్క కట్టింది. ఈ జబ్బు ఆడవాళ్ళకు మగవాళ్ళ కంటే మూడు రెట్లు ఎక్కువని పుస్తకాల్లో ఉంటుంది. కానీ శవపరీక్షల్లో దొరికే చిన్న గడ్డలు ఇద్దరిలోనూ దాదాపు సమానం, ప్రాణం తీసే రకమూ దాదాపు సమానమే. ఆడవాళ్ళు కాన్పులకూ, ఇతర బాధలకూ వైద్యుల దగ్గరికి ఎక్కువగా వెళతారు, వాళ్ళ మెడనే ఎక్కువగా చూస్తారు. ఆ తేడాలో పెద్ద భాగం అక్కడే ఉంది.

జపాన్‌లో 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత 3 లక్షల మంది పిల్లలకు మెడ స్కాన్ చేస్తే వందకు పైగా అనుమానపు కేసులు దొరికాయి. ఇదీ మరో చెర్నోబిల్ అని లోకం బెదిరింది. కానీ ఇక్కడ పిల్లలకు సోకిన మోతాదు చాలా తక్కువ. కొన్నేళ్ళు ఆగి పెరగాల్సినవి మొదటి విడతలోనే దొరికాయి. ఇది రేడియేషన్ పని కాదు, సూక్ష్మంగా చూసే యంత్రం పని అని ఐక్యరాజ్యసమితి సంఘం తేల్చింది. చెర్నోబిల్లో తప్పయిన వాదమే ఇక్కడ ఒప్పయింది. అందుకే ఏ జవాబునూ కంఠతా పట్టి అన్నిచోట్లా వల్లించకూడదు. ప్రతి ఊరి అంకెనూ ఆ ఊరి సాక్ష్యంతోనే చదవాలి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. జనాభా ఆధారంగా క్యాన్సర్ రిజిస్ట్రీ మొదట వచ్చింది బొంబాయిలో, 1963లో. జాతీయ కార్యక్రమం కింద 1982 నుంచి బొంబాయితో పాటు బెంగళూరు, మద్రాసు నగరాల్లో లెక్క మొదలైంది. మద్రాసులో ఆ పని చేసింది 1954లో ముత్తులక్ష్మి రెడ్డి స్థాపించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. దీనర్థం, ఆ మూడు నగరాల్లో ఉన్న ప్రవాస తెలుగువాళ్ళు క్యాన్సర్ లెక్కలో పడిన మూడు దశాబ్దాల తర్వాత గాని హైదరాబాదు జిల్లా జాతీయ నివేదికలోకి రాలేదు. లెక్కలో లేనంత మాత్రాన అక్కడ జబ్బు లేదని కాదు కదా! మాతృభాష గడిలో ఏం రాస్తారోనని జనాభా లెక్కల మనిషి కలం వైపు చూసే మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అడిగిన చోట ఉంటాం, అడగని చోట ఉండం.

మన రిజిస్ట్రీలను పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కేరళలో తిరువనంతపురం, కొల్లం జిల్లాల స్త్రీలలో ఈ క్యాన్సర్ రేటు దేశంలోని చాలా రిజిస్ట్రీల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. మన పద్మశాలీలు స్థిరపడిన సోలాపూరు జిల్లాలోనే బార్షీలో ఒక గ్రామీణ రిజిస్ట్రీ ఉంది. అక్కడ అది అతి తక్కువ. కొల్లం తీరంలో కరునాగపల్లి ఇసుకలో మోనజైట్ ఉంది, దానిలో థోరియం ఉంది; సహజ రేడియేషన్ ఎక్కువ. కారణం అదేననే అనుమానం రావడం సహజం. కానీ అక్కడ సుమారు 70 వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగిన జాడ లేదు. 2017లో వచ్చిన మరో అధ్యయనం తిరువనంతపురం పెరుగుదలకు ముఖ్య కారణం అతి నిర్ధారణ అని చెప్పింది. ఆస్పత్రులూ, స్కాన్ సెంటర్లూ, చదువుకున్న ఆడవాళ్ళూ ఎక్కువున్న చోట లెక్క ఎక్కువ. చావులు మాత్రం ఆ లెక్కకు తగ్గట్టు లేవు.

అలాగని బార్షీ పల్లె అదృష్టవంతురాలని చెప్పలేం. యంత్రం దొరకని చోట పైపైన తిరిగే చిన్న గడ్డలు లెక్కకు రావు సరే, నిజంగా పెరిగే గడ్డ కూడా మింగుడు పడని దశలో గాని ఆస్పత్రి ముఖం చూడదు. ఒకచోట అతిగా చూడటం, ఇంకోచోట అసలు చూడకపోవడం. రెండింటిలోనూ దెబ్బ తినేది మనిషే.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనకోడలికి ఆఫీసు వాళ్ళ హెల్త్ చెకప్‌లో 6 మిల్లీమీటర్ల గడ్డ ఉందని రాసిచ్చారు. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చుట్టాలు పరామర్శకు వచ్చారు. మూడు నెలల తర్వాత జరగాల్సిన పెళ్ళి ఆపుదామన్నారు. చూసిన పెద్ద డాక్టరు, సూది కూడా వేయనక్కరలేదు, ఏడాదికి మళ్ళీ చూద్దాం అన్నాడు. ఆమె పెళ్ళి జరిగింది. ఆ గడ్డ ఇప్పటికీ అంతే ఉంది. ఆ డాక్టరు కొత్తగా కనిపెట్టి చెప్పిందేమీ కాదు. సెంటీమీటరు లోపు గడ్డకు మామూలుగా సూది పరీక్ష అవసరం లేదన్నది 2015 నుంచి అమెరికా థైరాయిడ్ సంఘం మార్గదర్శకాల్లో ఉంది. క్యాన్సర్ అని తేలిన చిన్న గడ్డలను సైతం వెంటనే కోయకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతిని జపాన్‌లో కోబే నగరపు కుమా ఆస్పత్రి 1993లోనే మొదలుపెట్టింది. 2016లో నిపుణులు ఒక రకం గడ్డ పేరులోంచి క్యాన్సర్ అనే మాటనే తీసేశారు. మాట పోయింది గనుక భయం పోయింది.

చివరగా, నన్ను అడిగేవాళ్ళకు నేను చెప్పే నాలుగు మాటలు. మెడ మీద గడ్డ చేతికి తగిలినా, పెరుగుతున్నట్టు అనిపించినా, గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకండి. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలినవాళ్ళూ, ఇంట్లో దగ్గరివాళ్ళకు ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళూ డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పండి. ఇవేవీ లేనప్పుడు, చెకప్ ప్యాకేజీలో ఉచితమని మెడ స్కాన్ చేయించుకోకండి. చిన్న గడ్డ ఉందని తేలితే ఆపరేషన్ తేదీ అడిగే ముందు, ఇది ఎంత ఉంది, ఆగి చూస్తే ఏమవుతుంది అని అడగండి. ఇక పత్రికలో ఈ జబ్బు ఇన్ని రెట్లు పెరిగిందని చదివినప్పుడు పక్కనే చావుల అంకె ఉందేమో చూడండి. అది లేకపోతే ఆ వార్త సగమే.